మొరం నేల మీద దిగే విమానానికి ఏ ఇరుసు?

పోయిన యాసంగి పల్లి పీకుడు అయిపోయాక మా మేనల్లుడు గోనెసంచిలో చుట్టిన కడ్డీ ఒకటి తెచ్చి నా లేత్ మిషన్ మీద పెట్టాడు. జానెడు పొడవు, 25 మిల్లీమీటర్ల మందం. బెడ్ మీద వేలితో దొర్లించి చూశాను. సగం చుట్టు తిరిగి, ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. మళ్ళీ నెట్టాను, మళ్ళీ అక్కడే ఆగింది. ఒక కొసను అదిమి పట్టుకుంటే రెండో కొస కింద అగ్గిపుల్ల దూరేంత సందు.

"మామా, దీనికన్నా గట్టి లోహం ఏదన్న చెప్పు. పైసలు ఎంతైనా సరే," అన్నాడు.

మిర్యాలగూడలో నాది రైస్ మిల్లుల షాఫ్టులు తిప్పే వర్క్‌షాప్. విమానంతో నాకేం పని అనుకుంటారేమో. వాడూ, వాడి దోస్తులిద్దరూ కలిసి రెండు సీట్ల చిన్న విమానం కట్టుకుంటున్నారు. మనుషులు, పెట్రోలు అన్నీ కలిపి 450 కిలోలు. డీజీసీఏ (దేశంలో విమానాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) అనుమతి చేతికి రాకుండా గాల్లోకి లేపకూడదు కాబట్టి ఇప్పటికి ఇంజన్ వేసి నేల మీద పరుగు తీయించి చూడటమే. జడ్చర్ల దాటాక వాళ్ళ తాత చేనుంది. అంతా మొరం. చదును చేశారు గానీ గెట్టు తెగ్గొట్టిన చోట చిన్న పల్లం మిగిలిపోయింది. కుడి చక్రం అందులో పడి లేచింది. అంతే, ఇరుసు వంగింది.

వాడి ప్రశ్నకు ఈఎన్-24 అనే గట్టి ఉక్కు అనో టైటానియం అనో చెప్పి రెండు నిమిషాల్లో పంపించెయ్యొచ్చు. కానీ వంగిన ఇరుసును చూసి "ఇంకా గట్టిది కావాలి" అనుకోవడంలోనే తిరకాసు ఉంది. ఇరుసు వంగింది గనకే చక్రం ఊడలేదు, చక్రం కాలు విరగలేదు, ఆ కాలు బిగించిన చోట విమానం పొట్ట చినగలేదు. ఆ దెబ్బను ఎవరో ఒకరు తినాల్సిందే. ఎవరు తినాలన్నది మనం ముందే నిర్ణయించుకోవాలి. లోహం ఎంపిక ఆ తర్వాతి మాట.

ఒక కొస పట్టు, రెండో కొస గాలి

బైకు ముందు చక్రం ఇరుసు చూడండి. ఫోర్కు రెండు కొమ్ముల మధ్య, రెండు కొసల్లోనూ బిగించి ఉంటుంది. బరువు మధ్యలో పడుతుంది. అందుకే వేలంత కడ్డీ రెండు క్వింటాళ్ళ బండిని మోసేస్తుంది. చిన్న విమానం ఇరుసు అలా కాదు. కాలి అడుగున ఒక కొస మాత్రమే బిగించి ఉంటుంది, రెండో కొస గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది, చక్రం ఆ కొసకు తొడిగి ఉంటుంది. గోడలో దిగగొట్టిన కొయ్యకు బిందె తగిలించినట్టు. పాత బైకు ఇరుసులు కోసి చిన్న విమానాలకు పెట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది, మావాడికీ వచ్చింది. రెండు కొసల మీద నిలబడటానికి పుట్టినదాన్ని ఒంటికాలి మీద నిలబెట్టడం అది.

నిజానికి దీనికి దగ్గరి చుట్టం ఎడ్లబండి. బండి ఇరుసూ రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చే ఉంటుంది, చక్రం ఊడకుండా కొసన కడసీల ఉంటుంది. విమానం ఇరుసు కొసన మరమీద కాసిల్ నట్టు (తల మీద గాట్లున్న నట్టు), అది తిరగకుండా అడ్డంగా కాటర్ పిన్ను. మా నాయిన బండి కట్టే ముందు రోజూ కడసీలను వేలితో తట్టి చూసేవాడు. పైలట్లు ఎగిరే ముందు కాటర్ పిన్నును తట్టి చూసేదీ అందుకే.

ఇప్పుడు అంకెలు. అమెరికా విమానయాన నియమాల 23వ భాగం, 2017లో మార్చక ముందున్న పాఠం, చిన్న విమానాల కాళ్ళకు మంచి కొలబద్ద. విమానం సెకనుకు 7 నుంచి 10 అడుగుల వేగంతో నేలకు తాకినా తట్టుకోవాలంటుంది అది. వినడానికి భయంగా ఉంటుంది గానీ, మన కొలతల్లో చెప్పుకుంటే సెకనుకు 7 అడుగులంటే జానెడు ఎత్తునుంచి కింద పడ్డట్టు, 10 అడుగులంటే మూరెడు ఎత్తునుంచి పడ్డట్టు. ఆ దెబ్బకు బరువు మూడింతలు అయిందనుకుందాం. 450 కిలోలు 1350 అవుతాయి, రెండు చక్రాలకు పంచితే చెరి 675. చక్రం నడిమి నుంచి ఇరుసు బిగించిన మొదలు దాకా 9 సెంటీమీటర్లు ఉంటే, మొదట్లో పడే వంచే బలం దాదాపు 600 న్యూటన్ మీటర్లు.

మావాడి 25 మి.మీ. గట్టి (అంటే బోలు కాని) కడ్డీలో ఆ బలం పుట్టించే ఒత్తిడి సుమారు 390 మెగాపాస్కళ్ళు (లోహంలో ఒత్తిడిని కొలిచే లెక్క అది). హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మైల్డ్ స్టీలు దాదాపు 250 దగ్గరే లొంగిపోతుంది, అంటే వంగి మళ్ళీ తిన్నగా రాదు. పూర్తి దెబ్బ పడకముందే, పల్లంలో పడిన మాత్రానికే అది వంగడంలో వింతేమీ లేదు.

బోలు గొట్టం గొప్పదనం

మా వర్క్‌షాప్‌లో కొత్తగా చేరే కుర్రాళ్ళు ఎవరూ మొదట నమ్మని మాట ఇది. 25 మి.మీ. గట్టి కడ్డీ బదులు, అంగుళంపావు, అంటే 31.75 మి.మీ. మందం, 3 మి.మీ. గోడ ఉన్న గొట్టం తీసుకోండి. అదే 600 న్యూటన్ మీటర్లకు ఒత్తిడి 335కి దిగుతుంది. బరువు సగానికి దగ్గరపడుతుంది: 20 సెంటీమీటర్ల ముక్క గట్టిదైతే 770 గ్రాములు, గొట్టమైతే 425. బరువు తగ్గింది, బలం పెరిగింది.

కారణం తేలికే. కడ్డీ వంగేటప్పుడు ఒక పక్క సాగుతుంది, ఎదుటి పక్క నొక్కుకుపోతుంది, మధ్యలో ఉన్న లోహానికి పనేమీ ఉండదు. పని లేని లోహాన్ని తీసేసి అంచుకు జరిపితే అదే గొట్టం. వెదురుబొంగు ఏనాడో చేసి చూపించిన పని. అంగుళంపావు ఇరుసుకు సరిపోయే చక్రాలు, బేరింగులు చిన్న విమానాల్లో మామూలే కాబట్టి ఆ కొలతకు పోవడం కష్టమూ కాదు.

అందుకే లోహం కన్నా ముందు మందం చూడమంటాను. మందం కొద్దిగా పెరిగితే బలం దాని ఘనంలో పెరుగుతుంది. అంగుళంలో ఐదు ఎనిమిదో వంతుల మందం, అంటే 16 మి.మీ. లోపు కడ్డీని ఈ విమానానికి పెడితే ఒత్తిడి 1500 దాటుతుంది. ఇక అప్పుడు ఏ లోహం పేరు చెప్పినా దండగే.

లోహాల దగ్గరికొస్తే

మిర్యాలగూడ మిల్లుల్లో సగం షాఫ్టులు ఈఎన్-8. మంచి ఉక్కు, తిప్పడానికి సుఖం, దొరకడం తేలిక. కానీ మామూలు స్థితిలో దాని లొంగుబాటు మైల్డ్ స్టీలు కన్నా కొద్దిగానే ఎక్కువ. ఇరుసు మందంగా పెట్టుకోగలిగితే పనికొస్తుంది, లేకపోతే లేదు.

విమానాల వాళ్ళు దశాబ్దాలుగా పట్టుకుని వదలనిది 4130 అనే క్రోమియం-మాలిబ్డినం ఉక్కు. నార్మలైజ్ చేసిన (ఎర్రగా కాల్చి గాలిలో చల్లారనిచ్చిన) సన్నగోడ గొట్టం సుమారు 515 మెగాపాస్కళ్ళ దగ్గర లొంగుతుంది, 655 దగ్గర తెగుతుంది. మన గొట్టంలో ఒత్తిడి 335 కాబట్టి వంగదు. దానికి ఒకటిన్నర రెట్లు, 500 పడినా తెగదు. నియమాలు అడిగేదీ అదే ఒకటిన్నర. కానీ నాకు నచ్చేది ఈ అంకెలు కాదు. దీన్ని గ్యాస్‌తో గానీ టిగ్ వెల్డింగ్‌తో గానీ శుభ్రంగా అతకొచ్చు. సన్నగోడ అయితే ముందే వేడి చెయ్యాల్సిన పని లేదు. అతికాక నీళ్ళు చల్లకుండా, ఫ్యాను గాలి తగలకుండా తనంతట తాను చల్లారనిస్తే చాలు. హద్దు దాటితే పుటుక్కున విరగదు, ముందు వంగుతుంది.

ఈఎన్-19, ఈఎన్-24 దీని పెద్దన్నలు. గట్టిపరిచి టెంపర్ చేసిన ఈఎన్-24 850 నుంచి 1000 మెగాపాస్కళ్ళ దాకా లాగుడు తట్టుకుంటుంది. మావాడు అడిగింది ఇలాంటిదే. అతకకుండా, ఒకే ముక్కను లేత్ మీద తిప్పి బోల్టులతో బిగించే ఇరుసుకైతే నేను కాదనను. వెల్డింగ్ మాటెత్తితే మాత్రం వద్దంటాను. సరిగ్గా ముందు వేడి, తర్వాత వేడి ఇవ్వకపోతే అతుకు పక్కన సన్నటి పగులు పడుతుంది, రంగు వేశాక అది కనపడదు. పైగా ఇరుసు ఎంత గట్టిదైతే దెబ్బ అంత పైకి పాకుతుంది. ఇరుసు వంగకపోతే కాలు వంగాలి, కాలు వంగకపోతే విమానం పొట్ట చినగాలి. పొట్టలో అతుకు వెయ్యడం కన్నా ఇరుసు మార్చుకోవడం లక్ష రెట్లు నయం.

గట్టితనం మోజులో కొందరు కేస్ హార్డెన్ చేసిన పిన్నులు, ఇంజన్ల పాత గజన్ పిన్నులు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపేవి) తెచ్చి ఇరుసులు చేస్తారు. వాటి పై చర్మం గాజులాంటిది. అరుగుదలకు పుట్టినవి అవి. ఎదురుదెబ్బకు కావు.

ఇక అల్యూమినియం. బరువు తగ్గుతుందని అందరూ దానివైపు చూస్తారు. ఈ లెక్క నేనే రెండుసార్లు వేసి చూసుకున్నాను, నమ్మకం కుదరక. 6061-టి6 రకం 276 దగ్గర లొంగుతుంది. ఉక్కు గొట్టం పని అది చెయ్యాలంటే అంగుళంపావు మందంలోనే గట్టి కడ్డీగా పెట్టాలి. అప్పుడు ఒత్తిడి 190, భద్రత ఉక్కు గొట్టం కన్నా రవ్వంత తక్కువ. 20 సెంటీమీటర్ల ముక్క బరువెంతో తెలుసా? దాదాపు 425 గ్రాములే. ఉక్కు గొట్టం ఎంతో అదీ అంతే. మిగిలింది సున్నా. పైగా అతికితే అతుకు పక్కన దాని బలం సగానికి పడిపోతుంది.

7075-టి6 వేరే కథ. 500 దగ్గర లొంగుతుంది, అంటే బలంలో 4130కి సరిజోడు, బరువులో మూడో వంతు. కాగితం మీద ఇంతకన్నా అందమైన లోహం లేదు. కానీ దాన్ని మామూలుగా అతకలేం. ఒక గీత పడితే ఆ గీత దగ్గరే పగులు మొదలవుతుంది. తేమలో, లాగుడులో చాలాకాలం ఉంటే లోపల్లోపల పగిలే జబ్బు ఉంది దానికి. ఆ జబ్బుకు టి73 అనే వేడిచికిత్స మందుగా ఉంది గానీ మందు వేస్తే బలంలో పదో వంతో ఇంకా ఎక్కువో పోతుంది. నున్నటి రన్‌వే మీద దిగేవాళ్ళు వాడుకోవచ్చు. రాళ్ళు ఎగిరొచ్చి గీతలు పడే మొరం మీద, వానకాలం బురద అంటుకునే చోట నేను పెట్టను.

టైటానియం మన హైదరాబాద్‌లోనే మిధానిలో తయారవుతుంది. 1973లో పెట్టిన సంస్థ. 6ఏఎల్-4వి రకం టైటానియం బలం దాదాపు 900, బరువు ఉక్కులో సగం కన్నా కొంచెం ఎక్కువ. మన గొట్టాన్ని అచ్చంగా దానితో చేస్తే రెండు ఇరుసుల మీద కలిపి 370 గ్రాములు తగ్గుతాయి. అంతే. అర లీటరు నీళ్ళ సీసా కూడా కాదు. మావాడు పొద్దున ఇడ్లీ మానేస్తే అంతకన్నా ఎక్కువే తగ్గుతాడు, ఆ మాటే చెప్పాను.

స్టెయిన్‌లెస్ గురించి రెండు ముక్కలు: 304 తుప్పు పట్టదు గానీ 215 దగ్గరే లొంగుతుంది, మరల్లో నట్టు పట్టేసి రాదు. వదిలేద్దాం.

రాయి ఎంత, చక్రం ఎంత

దారి లేని నేల మీద ఇరుసుకు పైనుంచి వచ్చే దెబ్బ ఒక్కటే కాదు, ముందునుంచి వచ్చేదీ ఉంది. రెండు అంగుళాల రాయి అడ్డం వచ్చిందనుకోండి. నెమ్మదిగా, టైరు మెత్తదనం లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చిన్న చక్రం దాన్ని ఎక్కాలంటే దాని మీదున్న బరువుకు 112 శాతం బలంతో నెట్టాలి. 20 సెంటీమీటర్లదైతే 88 శాతం. 33 సెంటీమీటర్ల పెద్ద చక్రమైతే 62. ఎడ్లబండి చక్రం 75 సెంటీమీటర్లు అనుకుంటే 38 శాతం చాలు. మన పాత వడ్రంగులు అంతెత్తు చక్రాలు చేసింది అందం కోసమేమీ కాదు. మొరం దారిలో ఎద్దు మెడ కాపాడటానికి.

అందుకే అలాస్కాలో నదుల ఒడ్డున, రాళ్ళ మీద దిగేవాళ్ళు 26, 29, 31 అంగుళాల లావు టైర్లు పెడతారు. మనోళ్ళూ అవే చూసి "పెద్ద టైరు పెడితే ఇరుసుకు సుఖం" అనుకుంటారు. సగమే నిజం.

మిగతా సగం ఇక్కడ ఉంది. పక్కగాలిలో దిగినప్పుడు గానీ, వంకరగా జారినప్పుడు గానీ నేల టైరు అడుగును పక్కకు లాగుతుంది. ఆ లాగుడు ఇరుసు దగ్గరికి చక్రం ఎత్తంత గడకొయ్య వేసుకుని వస్తుంది. నియమాల ప్రకారం ఒక చక్రం అడుగు మొత్తం బరువులో 0.33 వంతు బలంతో బయటికి లాగబడినా తట్టుకోవాలి. ఆ సమయంలో పైబరువు 1.33 రెట్లు. మన విమానానికి ఆ లెక్క వేస్తే, 20 సెంటీమీటర్ల చక్రంతో ఇరుసు మొదట్లో 555 న్యూటన్ మీటర్లు పడుతుంది, గట్టిగా దిగినప్పటి 600 కన్నా తక్కువే. నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఇరుసు ఉండే పెద్ద చక్రం పెట్టండి, అది 700 అవుతుంది. అంటే టైరు మార్చిన రోజున ఇరుసుకు అసలు పరీక్ష మారిపోయింది. ఇదివరకు నిటారుగా పడే దెబ్బ పెద్దది, ఇప్పుడు పక్కకు లాగేది పెద్దది. మన 4130 గొట్టం 700కి కూడా వంగదు (ఒత్తిడి 390 దాటుతుంది, అంతే). మావాడి పాత కడ్డీ సంగతి చెప్పనక్కర్లేదు.

నేలను బట్టి ఇంకో తేడా. చెల్క, మొరం నేలల్లో రాళ్ళే బాధ. రేగడి వేరు. ఎండాకాలంలో రేగడి నెర్రెలిస్తుంది, ఆ నెర్రెలో సన్నటి టైరు ఇరుక్కుంటే చక్రం ఆగుతుంది, విమానం ఆగదు. వానకాలంలో అదే రేగడి చక్రానికి ముద్దలు ముద్దలుగా అంటుకుని, చక్రం మీద తొడుగు ఉంటే లోపల బిర్రబిగుసుకుపోతుంది. నల్లగొండ వైపు రేగడి చేలల్లో దిగాలనే ఆలోచన ఉన్నవాళ్ళు లోహం సంగతి పక్కనబెట్టి, ముందు ఆ తొడుగులు ఊడదీయండి. పత్తి చేను అయితే కట్టె పీకినా మోళ్ళు మిగులుతాయి, అవి టైరు పక్కగోడలను పొడుస్తాయి.

విరిగేది ఎక్కడ

నా వృత్తిలో నేర్చుకున్న ఒక్క పాఠం ఇక్కడ చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట, సీజన్ మధ్యలో, ఒక మిల్లు షాఫ్టు తిప్పి ఇచ్చాను. మందం తగ్గే చోట, బేరింగు ఆనే మెట్టు దగ్గర, టూలు మొన పదునుగా ఉండి మూల చతురస్రంగా వచ్చింది. చూడ్డానికి అద్దంలా ఉంది. పదకొండు రోజులకు అర్ధరాత్రి ఫోను. షాఫ్టు సరిగ్గా ఆ మెట్టు దగ్గర, కత్తితో కోసినట్టు తెగింది. తెగిన ముఖం మీద సముద్రపు ఒడ్డున అలల గీతల్లాంటి నున్నటి వంకరలు, చివర్న కొంచెం గరుకు. లోహం అలసిపోయిందని చెప్పే గుర్తు అది. రోజురోజుకూ పగులు వెంట్రుకవాసి పాకి, మిగిలిన ముక్క చాలక ఒక్కసారిగా తెగింది. తప్పు ఉక్కుది కాదు, నా టూలు మూలది.

మూల పదునుగా ఉంటే అక్కడ ఒత్తిడి రెండున్నర రెట్లు పోగుపడుతుంది. మందంలో పదో వంతు గుండ్రం ఇస్తే అది ఒకటిన్నర పై చిల్లరకు దిగుతుంది. బేరింగు ఆ గుండ్రం మీద ఆనుతుందని భయమైతే మధ్యలో లోపలి అంచు గీసిన ఒక రింగు వేస్తే సరి. లోహం మార్చి బలం రెట్టింపు చేసుకోవడం కన్నా ఇది పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

ఇరుసు కొసన మర మొదలయ్యే చోటా, కాటర్ పిన్ను రంధ్రం దగ్గరా ఇదే మాట, కానీ కొసన వంచే బలం తక్కువ కాబట్టి అంత భయం లేదు. మొదట్లో బోల్టు రంధ్రాలు వేస్తే మాత్రం ఆలోచించాలి. బోలు గొట్టాన్ని బోల్టుతో బిగిస్తే గోడ నొక్కుకుంటుంది. లోపల గట్టి బుష్షు దిగగొట్టి రంధ్రం వెయ్యాలి. ఆ లోపలి ముక్కను కూడా అడ్డంగా కొయ్యకుండా ఏటవాలుగా కోస్తే గట్టిచోటు నుంచి మెత్తచోటుకు మార్పు ఒక్కసారిగా జరగదు. అమెరికా విమాన డిజైనర్ స్టీవ్ విట్‌మన్ కనిపెట్టిన స్ప్రింగు ఉక్కు కాలును సెస్నా కంపెనీ 1946లో తన 140 విమానానికి పెట్టింది కదా, ఆ తరహా కాళ్ళ అడుగున ఇరుసు వేరే ముక్కగా, నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. దెబ్బను కాలు మింగుతుంది, పాడైతే ఇరుసు ఒక్కటీ విప్పి మార్చుకోవచ్చు. మన లాంటి చోట, విడిభాగం దొరకడానికి నెలలు పట్టే చోట, ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

మిల్లు షాఫ్టుకూ విమానం ఇరుసుకూ ఒక పెద్ద తేడా ఉంది. షాఫ్టు తిరుగుతుంది, కాబట్టి దాని చుట్టూ ప్రతి చోటూ ఒకసారి సాగుతూ ఒకసారి నొక్కుకుంటూ ఉంటుంది, పగులు ఎక్కడైనా పుట్టొచ్చు. విమానం ఇరుసు తిరగదు. నేల ఎప్పుడూ దాని కొసను పైకి, రాయి ఎప్పుడూ దాన్ని వెనక్కి నెడుతుంది. అంటే సాగే పక్క దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదట్లో, కిందివైపు, కొంచెం ముందుకు. వెతకాల్సిన చోటు దాదాపు అరచేతి వెడల్పంత.

ఉక్కు వేల సార్లు సాగినా, ఒక హద్దు లోపల ఉంటే అలసిపోదు. ఆ హద్దు నున్నటి ముక్కలో దాని తెగే బలంలో సుమారు సగం. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న కుదుపులు కూడా లెక్కలో పడుతూనే ఉంటాయి. మొరం మీద ఒక్కసారి దిగి ఆగే లోపు ఎన్ని కుదుపులో ఎవరు లెక్కపెడతారు?

తుప్పు మాట క్లుప్తంగా. గొట్టం రెండు కొసలూ మూసి, లోపల కాస్త అవిసె నూనె తిప్పి పారబోస్తే లోపల తుప్పు పట్టదు. గట్టిపరిచిన ఈఎన్-24 లాంటి వాటికి మెరుపు కోసం క్రోమ్, జింక్ పూత పెట్టించే అలవాటు ఉంది. ఆ తొట్టిలో ఉక్కు హైడ్రోజన్ పీల్చుకుని పెళుసైపోతుంది. పూత వెయ్యగానే 190 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చాలి. మీ ఊరి పూత పెట్టేవాడు కాల్చాడా అని అడిగి, నవ్వితే వెనక్కి తెచ్చేసుకోండి. నార్మలైజ్ చేసిన 4130కి మామూలు ప్రైమరు, రంగు చాలు.

కొన్నది ఏదో తెలియాలిగా

ఇన్ని లెక్కలూ వేసి, చేతికొచ్చిన ఉక్కు వేరేదైతే? ఒకసారి సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో ఈఎన్-19 అని రాసిన కడ్డీ తెచ్చుకుని గ్రైండర్‌కు పట్టాను. నిప్పురవ్వలు గుత్తులు గుత్తులుగా, చుక్కలు చుక్కలుగా పేలాయి. మాలిబ్డినం ఉన్న ఉక్కు రవ్వ అలా ఉండదు, గీత చివర విడివడిన బాణం మొనలాంటిది కనపడుతుంది. పరీక్షకు పంపితే అది ఈఎన్-8. ఎర్రరంగు పూసి ఒకటి, నీలం పూసి ఒకటి అమ్మేశాడు పాపం. రవ్వలు అనుమానం తీర్చలేవు, అనుమానం పుట్టించగలవు. ఇరుసుకు మాత్రం హీట్ నంబరుతో (ఆ ఉక్కు ఏ విడతలో కరిగించిందో చెప్పే అంకె) సహా మిల్లు సర్టిఫికెట్ ఉన్న గొట్టమే కొనాలి, కొన్నాక ఒక ముక్క కోసి గట్టితనమూ, రసాయన కూర్పూ పరీక్ష చేయించుకోవాలి. ఇంత చేసినా నా లెక్క డీజీసీఏ సంతకానికి సాటి రాదు. డ్రాయింగు ఇచ్చిన డిజైనర్ ఏ లోహం రాస్తే అదే పెట్టాలి, మార్చాలనిపిస్తే ఆయన్నే అడగాలి. నేను వాడికి చెప్పగలిగింది ఏం అడగాలో మాత్రమే.

వాడు అడిగాడు. డిజైనర్ ఒప్పుకున్నాడు. సర్టిఫికెట్ ఉన్న 4130 గొట్టం తెప్పించాం, అంగుళంపావు. మెట్టు దగ్గర గుండ్రం నేనే ఇచ్చాను, నా పాత పాపం గుర్తుపెట్టుకుని మూడుసార్లు గేజీ పెట్టి చూశాను. జత కాకుండా ఇంకో జత కూడా చేసి గ్రీజు పూసి అటక మీద పెట్టాం. గెట్టు దగ్గరి పల్లాన్ని మొరంతో పూడ్చి, ట్రాక్టరుతో తొక్కించారు. అసలు మందు అదేనని వాళ్ళ తాత మొదటి రోజే అన్నాడట, ఎవరూ వినలేదు.

పోయిన నెల నేను అక్కడికి పోయినప్పుడు చక్రాలు విప్పి చూశాం. ఇరుసు మొదట్లో కిందివైపు, రంగు గీకి శుభ్రం చేసి, కిరసనాయిలు రాసి కాసేపు ఉంచి తుడిచి, చాక్‌పీసు పొడి అద్దాం. పగులు ఉంటే అందులో దాగిన కిరసనాయిలు పైకి ఊరి తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత వస్తుంది. మావాడు మోకాళ్ళ మీద కూచుని, ఫోను లైటు వేసి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పావుగంట తర్వాత కూడా చాక్‌పొడి తెల్లగానే ఉంది.

"మామా, ఇంకో పది నిమిషాలు చూద్దామా?" అన్నాడు.

చూశాం.